కార్బన్ అయిపోయింది

"అంటే... గా సీరియల్ రాస్తున్నది నువ్వేనా బిడ్డా?"

కల్పలత అడిగిన ఆ మాట మారేడ్‌పల్లిలోని ఆ చిన్న ఇంట్లో అందరి చేతుల్లోని పనీ ఆపేసింది. ఉప్మా ప్లేటు పట్టుకుని ప్రేమమణి వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఆమె కూతురు హదస్సా తల వంచుకుంది. టీవీ ఆపేసి ఉంది. నిన్న పొద్దున కల్పలత ఒక్క సంచీతో ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

మంచినీళ్ళ కోసం లేచిన కల్పలత, దారిలో ల్యాప్‌టాప్ తెర చూసింది. పైన 'అక్షింతల వాన' అన్న సీరియల్ పేరు, దాని కింద 'మేఘన: (ఏడుస్తూ)' అన్న ముక్క. అరవై దాటినా టైపిస్టు కళ్ళు టైపిస్టు కళ్ళే. అక్షరం కనిపిస్తే చదవకుండా ముందుకు పోవు.

"నేనే అత్తా," అంది హదస్సా చివరికి. "టైటిల్స్‌లో నా పేరు వెయ్యరు. రాహుల్ సర్ పేరు పడుతుంది. డైలాగులు మాత్రం నేనే రాస్తా."

"జడల పెన్సిల్ దోపుకునుడు?"

"నేనే రాశా."

"రెండుసార్లు గంట కొడితే ఒక్క పిల్లనే లోపలికి పోవుడు?"

"అదీ నేనే."

"కాగితాల కోసమని ఇంకో పిల్ల తలుపు తీసుకొని లోపలికి వచ్చుడు?"

హదస్సా తలూపింది.

కల్పలత కోప్పడుతుందని తల్లీకూతుళ్ళిద్దరూ ఎదురుచూశారు. కోప్పడితే బాగుండేది. ఆవిడ మంచం మీద వెనక్కి జరిగి గోడకు చేరగిలబడింది. "మంచిగ రాసినవ్ బిడ్డా. షురూల మస్తు మంచిగ రాసినవ్," అంది.

ఆ 'షురూల' అన్న మాట హదస్సాకు తగలాల్సిన చోటే తగిలింది.

ప్రేమమణి, కల్పలత ఒకప్పుడు ఒకే ఆఫీసులో టైపిస్టులు. ఎనభైల నాటి మాట. రాష్ట్రపతి రోడ్డు పక్క సందులో మోటారు విడిభాగాలు అమ్మే ఒక కంపెనీ. ఇప్పుడు ఆ కంపెనీ లేదు, ఆ మేడా లేదు. ఒక గదిలో ఐదుగురు ఆడపిల్లలు, ఐదు మిషన్లు, అందరికీ కలిపి ఒక్క ఫ్యాను. ప్రేమమణి కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ సంఘం పిల్ల, ఆదివారం గుడిలో పాటలు పాడేది. కల్పలత మోండా మార్కెట్ వెనక పుట్టి పెరిగిన పిల్ల. శనివారం కల్పలత నీచు ముట్టదని ప్రేమమణి ఆ రోజు తన టిఫిన్‌లో గుడ్డు కూడా తెచ్చుకునేది కాదు. క్రిస్మస్ ముందు గులాబీ పూల పిండివంట చేయడానికి కల్పలత ఏటా తప్పకుండా వచ్చేది, వచ్చి సగం మాడ్చేది.

హదస్సా ఆ ఆఫీసు కథలు వింటూ పెరిగింది. కరెంటు పోయిన సాయంత్రాల్లో మెట్ల మీద కూర్చుని అమ్మ చెప్పేది. ఆ కథల్లో మేనేజరు పేరు వెంకటరత్నం. బల్ల మీది గంట ఆయన ఒకసారి కొడితే టీ, రెండుసార్లు కొడితే టైపిస్టు. వంతు ప్రకారం ఒక్క పిల్లే వెళ్ళాలి. తలుపు దానంతట అదే మూసుకునేది. ఉత్తరం చెబుతూ చెబుతూ కుర్చీ దగ్గరికి జరుపుకోవడం, చీర రంగు బాగుందనడం, పెన్సిల్ ఇచ్చే వంకతో వేళ్ళు పట్టుకోవడం ఆయనగారి అలవాట్లు. ఫిర్యాదు చేయాలంటే మేనేజరుకే చేయాలి. ఆ మేనేజరు ఆయనే.

అందుకని ఆ ఐదుగురూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. అది పిసినారి కంపెనీ. కార్బన్ కాగితాల డబ్బా మేనేజరు గదిలోని బీరువాలో ఉండేది. ఎవరికి కావాలన్నా లోపలికి వెళ్ళే తెచ్చుకోవాలి. కాబట్టి ఒకరు లోపలికి వెళ్ళిన కాసేపటికి బయట ఇంకొకరికి కార్బన్ అయిపోయేది. "సర్, కార్బన్ అయిపోయింది," అని తలుపు తీసుకుని వెళ్ళి, బీరువా దగ్గర తాపీగా వెతికేది. ఆమె బయటికి వచ్చీ రాగానే మరొకరికి అయిపోయేది. ఈ ఆఫీసులో కాగితాల కన్నా కార్బన్లకే ఎక్కువ ఖర్చవుతోందని అకౌంటెంటు నెత్తి కొట్టుకునేవాడట.

అది చెప్పి ప్రేమమణి కడుపు పట్టుకుని నవ్వేది. హదస్సా కూడా నవ్వుతూనే పెరిగింది. సీరియల్లోకి ఆఫీసు కథ కావాలని రాహుల్ అడిగినప్పుడు అదే రాసిచ్చింది. ఈ కాలం వాళ్ళకు కార్బన్ ఏం తెలుస్తుంది? ప్రింటర్ కాగితాలు అని మార్చింది, అంతే.

ఆ మొదటి వారాల్లో కల్పలత సంతోషం చెప్పనలవి కాదు. మోండా మార్కెట్లో వాళ్ళ ఇత్తడి సామాన్ల దుకాణం, దాని పైనే ఇల్లు. భర్త ఓంప్రకాశ్‌ను, కోడలిని టీవీ ముందు కూర్చోబెట్టి, "గిది మా ఆఫీసే! మేము గిట్లనే చేస్తుంటిమి!" అని వేలు పెట్టి చూపించింది. రాసింది ఎవరో తెలియదు గానీ, ఎవరో పెద్దామె అయి ఉంటుందని, తనలాగే ఎక్కడో మిషన్ కొట్టి ఉంటుందని మురిసిపోయింది.

తరవాత సీరియల్ దారి మార్చింది. మేనేజరు వేషంలోకి ఒక కుర్రవాడు వచ్చి హీరో అయ్యాడు. తలుపు మూసుకుంటే చాలు, వయొలిన్లు మోగాయి. కథానాయిక మేఘన వద్దన్నకొద్దీ అతను దగ్గరికి వచ్చాడు, వచ్చినకొద్దీ ఆమె సిగ్గుపడింది. కాగితాల కోసం తలుపు తీసే పిల్ల ఓర్వలేక కుళ్ళిపోయే విలన్ అయింది.

"నవ్వుకోడానికి చెప్పానే నీకు," ప్రేమమణి ప్లేటు బల్ల మీద టక్కున పెట్టి కూతురి మీదకు వచ్చింది. "బజార్లో పెట్టడానికి కాదు."

"అమ్మా, ఫస్ట్ నేను రాసింది నువ్వు చెప్పిన కథే. రేటింగ్ పడిపోతుందని వాళ్ళు మార్చమన్నారు."

"వాళ్ళు మార్చమన్నారు. మార్చిన చేతులు ఎవరివి?"

"అదే కదమ్మా నా ఉద్యోగం!"

"ఆ కుళ్ళుమోతు పిల్ల, స్వాతో ఎవతో... అది నేనా?"

హదస్సా చూపు ల్యాప్‌టాప్ తెర మీదికి తిప్పుకుంది.

"దానికి ఆ బొంగురు గొంతొకటి పెట్టించావు. చిన్నప్పటి నుంచీ సంఘంలో పాడుతున్నదాన్ని నేను."

"గొంతు ఆ అమ్మాయిదేనమ్మా! నేను పెట్టిస్తానా?"

కల్పలతకు నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత బాధలోనూ ఆ నవ్వు రావడం చూసి ప్రేమమణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కొంగు అడ్డం పెట్టుకోవడం అచ్చం ఆ రోజుల్లోదే. వెంకటరత్నం గదిలోంచి బయటికి వస్తూ అలాగే పెట్టుకునేది.

"తప్పు నీది కూడా ఉంది," హదస్సా గొంతు పెంచింది. "కథ ఎప్పుడూ సగమే చెప్పావు. కార్బన్ దగ్గర నవ్వేసి ఆపేసేదానివి. లతత్త ఉద్యోగం ఎందుకు మానేసిందని ఎన్నిసార్లు అడిగాను? కళ్ళు నొప్పులన్నావు. మిగతాది నాకేం తెలుసు?"

ప్రేమమణి తలుపు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, కల్పలత వైపు మాత్రం చూడలేదు. ఆ మిగతా సగం ఆమె చెప్పవలసింది కాదు.

మంచం మీద కల్పలత ఫోను మోగింది. ఓంప్రకాశ్. ఆవిడ దాన్ని బోర్లా తిప్పింది. అది మోగి మోగి ఆగింది.

"లతా, ఎత్తవే. నిన్నటి నుంచి చేస్తున్నాడు అన్నయ్య. పాపం, భోంచేశాడో లేదో."

"కోడలున్నది. పెడతది."

"అసలేమన్నాడే? తిట్టాడా?"

"తిట్టితే నేను సుత తిట్టుదును. తిట్టలే." కల్పలత ఫోనును దిండు కిందికి తోసింది. "మొన్న ఎపిసోడ్ అయిపోయినంక టీవీ బంద్ చేసిండు. అద్దాలు తీసి తుడుచుకున్నడు. మెల్లగ, మంచిగనే అడిగిండు. 'నీకు సుత ఆయనంటే ఇష్టముండెనా?' అని."

ప్రేమమణి మంచం దగ్గరికి వచ్చింది.

"కోడలు వంటింట్ల నవ్విందే ప్రేమా. ముద్దుగనే నవ్విందిలే. అత్తమ్మకు లవ్‌స్టోరీ ఉన్నదనుకున్నది. కొడుకు సుత నవ్విండు. గంత మంది నవ్వుతుంటే నేను ఏమని చెప్పాలె? ఇది మా ఆఫీసే అని నేనే చెప్తి గదా. నా నోటితోని నేనే చెప్తి."

హదస్సా ముఖం చేతుల్లో దాచుకుంది. తను రాసిన వయొలిన్లు పోయిపోయి ఏ ఇంట్లో మోగాయో ఆమెకు ఇప్పుడు తెలిసింది. నిజంగా సిగ్గుపడింది. సారీ అనబోయింది గానీ, ఆ మాట నోట్లోనే చిన్నదిగా అనిపించింది.

"ఇగ నేను ఆ ఇంటికి ఏ మొకం పెట్టుకొని పోవాలె?" అంది కల్పలత. "అబద్ధమంటే, మరి మొదట ఎందుకు మురిసినవ్ అంటరు. గా మేఘన ఏం చేస్తే నేను గదే చేసినట్టు అయిపాయె."

ఈసారి హదస్సా ఫోను మోగింది. అది చూసి ఆమె భుజాలు బిగుసుకున్నాయి. చెవి దగ్గర పెట్టుకోవడం ఇష్టం లేక స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"హదస్సా, సీన్ ఏదమ్మా?" రాహుల్ గొంతు హుషారుగా ఉంది. "ఎల్లుండి షూట్."

"రాస్తున్నా సర్."

"సింపుల్. స్టాఫ్ అందరి ముందూ మేఘన సారీ చెప్పాలి. మీరు ప్రేమతో చేసింది నేను తప్పుగా అర్థం చేసుకున్నానని ఏడవాలి. కంప్లైంట్ కాగితం చింపెయ్యాలి. ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకోవాలి, అంతే. సీన్ తీసుకుని సాయంత్రం కార్ఖానా ఏరియాలోని గెస్ట్‌హౌస్‌కి వచ్చెయ్. కూర్చుని పాలిష్ చేద్దాం."

"టీమ్ అందరూ వస్తున్నారా సర్?"

"వాళ్ళెందుకు, డిస్టర్బెన్స్? నువ్వొక్కదానివే రా. నువ్వుంటే నాకు ఐడియాలు వస్తాయని తెలుసుగా." చిన్న నవ్వు. ఫోను పెట్టేశాడు.

హదస్సా ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగి రాస్తున్నట్టు నటించింది. కల్పలత మంచం దిగి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఒక్కదానివేనా?"

"అలవాటే అత్తా."

"తలుపు వేస్తడా?"

హదస్సా వేళ్ళు ఆగిపోయాయి.

"ఏసీ ఉంటుంది కదా, వేస్తాడు," అంది. "ఏం చెయ్యడు అత్తా. పక్కన కూర్చుంటాడు. కుర్చీ మీద చెయ్యి వేస్తాడు. చెయ్యి తీసేస్తే నవ్వుతాడు. ఇంత సెన్సిటివ్ అయితే ఎట్లా అంటాడు. అంతే."

"అంతేనా?" ప్రేమమణి కూతురి దగ్గరికి వచ్చింది. "నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"చెప్తే మానెయ్ అంటావు. నాన్న సంగతి తెలిసిందే, లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ ఫ్రెండ్స్ అందరినీ వెంటేసుకుని గొడవకు వెళ్తాడు. ఈ పని నాకిష్టం అమ్మా. రాయడం ఇష్టం." హదస్సా కళ్ళు తుడుచుకుంది. "మీకు కార్బన్ ఉండేది. ఇక్కడ అది కూడా లేదు."

కల్పలత చెయ్యి చాచి ఆ పిల్ల తల నిమిరింది. తరవాత ప్రేమమణి వైపు తిరిగింది. "కూసోవే. ఆ ఉప్మా నాకియ్యి. గీ పిల్లకు మిగిలిన సగం చెప్త."

చల్లారిన ఉప్మా తింటూ చెప్పింది కల్పలత.

"గా ఆఖరి దినం పొద్దుగాల మేము ఆఫీసుకు పోయెటాలకు కార్బన్ డబ్బా మా గదిల ఉన్నది. వెంకటరత్నం సారు పెట్టిచ్చిండు. పాపం మీకు తక్లీఫ్ ఎందుకు, ఇగ ఎవ్వరు లోపలికి రావాల్సిన పని లేదు, అన్నడట."

"నా బతుకులో ఇంక దేన్నీ చూసి అంత భయపడలేదు," అంది ప్రేమమణి. "కొత్త డబ్బా. మూత మీద ఏనుగు బొమ్మ."

"ఏనుగు గాదు, గుర్రం."

"ఏనుగే."

"సరే తియ్. రెండు గంటలు కొట్టిండు. నా వంతు. పోయిన. నీలం చీర కట్టుకున్న."

"ఆకుపచ్చది. మీ అక్కది."

"నా చీర నాకు ఎరుక లేదా? నీలం." కల్పలత చెంచా ప్లేటులో పెట్టింది. "ఉత్తరం చెప్పిండు. సగంల లేచి వచ్చి పక్కన నిలబడ్డడు. బల్ల మీద నా చెయ్యి ఉన్నది. దాని మీద ఆయన చెయ్యి పెట్టిండు. చెయ్యి తియ్యుండ్రి సార్ అన్న. నవ్విండు. మళ్ల అన్న. ఇంక గట్టిగ పట్టుకున్నడు. నవ్వుకుంటనే పట్టుకున్నడు బిడ్డా, గది నాకు ఇప్పటికీ యాదికొస్తది. బయట మిషన్ల చప్పుడు లేదు. అన్ని ఆగిపోయినయ్. నాకు తెలుసు, బయట నలుగురు డబ్బా దిక్కు చూస్తున్నరు. ఎవ్వరు ఏమని వస్తరు?"

ఆవిడ ఆగింది. ప్రేమమణి అందుకుంది.

"ఏం వంక చెప్పాలో నాకు తోచలేదు. దేవా అనుకుని తలుపు తీశాను. ఏం కావాలి అన్నాడు. ఏం వద్దు సర్, నిలబడతాను అన్నాను."

"గంతే అన్నది," అంది కల్పలత. "ఏం వద్దు సర్, నిలబడతా. ఉద్యోగం పోతదని భయం లేదు దీనికి. ఇంట్ల తండ్రికి పానం బాగలేకుండె, దీని జీతమే ఆధారముండె. అయినా తలుపు పట్టుకొని నిలబడ్డది. ఆయన చెయ్యి తీసిండు. నేను లేచిన. మిగిలిన ఉత్తరం మీరే రాసుకోండ్రి అని, పెన్సిల్ బల్ల మీద పెట్టి బయటికొచ్చిన. ఇగ మళ్ల పోలే."

"ఇద్దరం మోండా మార్కెట్ దాకా నడిచాం," అంది ప్రేమమణి. "మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఏడ్చామో, కారానికి కళ్ళు మండాయో."

"ఏడ్చినం. నువ్వు ఎక్కువ ఏడ్చినవ్."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో ఆ సందు, ఆ మేడ మెట్లు, రిబ్బను సిరా అంటిన వేళ్ళు, సాయంత్రం కొనుక్కున్న మూరెడు మల్లెపూలు, అన్నీ ఒక్కసారి గదిలోకి వచ్చాయి. అంత చెడ్డ మనిషి కింద పనిచేసి కూడా వాళ్ళు ఆ రోజుల మీద బెంగపెట్టుకున్నారంటే, ఆ బెంగ అంతా ఒకరి మీద ఒకరికి. హదస్సాకు అసూయ కలిగింది. తనకు తెలిసిన ఏ ఆఫీసులోనూ తన కోసం తలుపు తీసే మనిషి లేదు.

"మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే నా ఇద్దరు చెల్లెండ్లను సుత పని మాన్పిద్దురు. అందుకే కండ్లు నొప్పులన్న. తర్వాత పెండ్లయింది, పిల్లలైన్రు. అయిపోయినదానికి ఎందుకు పరేషాన్ అనుకున్న." కల్పలత లేచి చేయి కడుక్కుంది. "గిప్పుడు రాయి."

"ఏం రాయాలి?"

"నేను చెప్పింది రాయి. సారీ గీరీ లేదు. మీ మేఘన ఏం చెప్తదో నేను చెప్త."

హదస్సా ఒక్క క్షణం ఆలోచించింది. ఈ సీన్ తీసుకెళ్తే పని పోవచ్చు. తీసుకెళ్లకపోతే ఎల్లుండి మేఘన ఏడ్చి సారీ చెబుతుంది, ఆ సారీ మోండా మార్కెట్లో దుకాణం పైనున్న ఇంట్లో కల్పలత చెప్పినట్టే వినిపిస్తుంది. ఆమె 'మేఘన: (ఏడుస్తూ)' అన్న ముక్క కొట్టేసి, మొదటి నుంచి మొదలుపెట్టింది. కల్పలత అటూ ఇటూ నడుస్తూ చెప్పింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కొత్త పేరా మొదలవ్వాలో కూడా చెప్పింది. ప్రేమమణి వెనక నిలబడి అచ్చుతప్పులు దిద్దింది.

ఎండ తగ్గేసరికి హదస్సా సీన్ ప్రింటు తీసి, కాగితాలు సంచీలో పెట్టుకుని, బయల్దేరడానికి చెప్పులు వేసుకుంది. చూస్తే కల్పలత కూడా చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికత్తా?"

"నడువు," అంది కల్పలత. "కార్బన్ అయిపోయింది."

ప్రేమమణి అప్పటికే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

గేటు దగ్గర ఒక పాత వ్యాను ఆగి ఉంది. దాని పక్కన ఓంప్రకాశ్ నిలబడి ఉన్నాడు, చేతిలో చిన్న ప్లాస్టిక్ కవరు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, లోపలికి రావడానికి ధైర్యం చాలలేదేమో, అద్దాలు తుడుచుకుంటున్నాడు.

"బీపీ గోలీలు మరిచిపోయినవ్," అన్నాడు భార్యతో.

కల్పలత కవరు తీసుకుంది.

"బాగున్నవా చెల్లె," అన్నాడు ప్రేమమణితో.

"బాగానే ఉన్నాను అన్నయ్యా."

"ఇంటికి పోదామా లతా?"

"గిప్పుడు గాదు. డ్యూటీ ఉన్నది."

"నీకు డ్యూటీ ఏంది?"

కల్పలత ఆయన కళ్ళలోకి చూసింది. మొన్నటి నుంచి ఆ పని చేయలేదు. "మొన్న నన్ను ఒకటి అడిగిన్రు. దానికి జవాబు కావాల్నా?"

ఓంప్రకాశ్ తలొంచాడు. "నోరు జారిన. గిప్పుడు ఆ మాటెందుకు..."

"కావాల్నా, వద్దా?"

"కావాలె," అన్నాడు, మెల్లగా.

"అయితే బండి తియ్యుండ్రి. కార్ఖానా పోవాలె."

వెనక సీట్లో ఇత్తడి బిందెలున్నాయి. ప్రతి గుంతకూ అవి గల్లుమన్నాయి. ఓంప్రకాశ్ రెండుసార్లు నోరు తెరవబోయి, భార్య ముఖం చూసి, గేరు మార్చుకున్నాడు.

గెస్ట్‌హౌస్ తలుపు రాహుల్ తీశాడు. హదస్సాను చూసి నవ్వాడు. ఆమె వెనక ఇద్దరు పెద్దావిడలను, వాళ్ళ వెనక మెట్ల మీద ఆయాసపడుతున్న ఒక పెద్దాయనను చూసి ఆ నవ్వు సగంలో ఆగింది.

"వీళ్ళెవరు?"

"మా అమ్మ. మా అత్త, మామయ్య," అంది హదస్సా.

"ఓ, నైస్. ఆంటీ, మీరు కింద కూర్చోండి. కాఫీ చెప్తాను. మాకు చిన్న వర్క్ ఉంది." హదస్సాకు దారి ఇచ్చి, తలుపు మూయబోయాడు.

ప్రేమమణి గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది.

"మీకేం కావాలాంటీ?"

"ఏం వద్దు బాబూ," అంది ప్రేమమణి. "నిలబడతాం."

కల్పలత వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఇద్దరి భుజాలూ తగిలాయి. ఓంప్రకాశ్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా భార్య నిలబడ్డ తీరు చూశాడు, ఆ కుర్రవాడి చెయ్యి ఇంకా తలుపు మీదే ఉండటం చూశాడు. వంగి, కాలి చెప్పు విప్పి, తలుపు సందులో అడ్డంగా పెట్టాడు. ఒంటి చెప్పుతో గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సీన్ తెచ్చావా?" అన్నాడు రాహుల్, చిరాగ్గా.

"తెచ్చాను సర్. చదువుతాను." హదస్సా కూర్చోలేదు. కాగితాలు తీసింది. "ఆఫీసు. పగలు. మేఘన చెయ్యి బల్ల మీద ఉంది. దాని మీద మేనేజరు చెయ్యి. అతను నవ్వుతున్నాడు. మేఘన ఏడవదు. 'చెయ్యి తియ్యండి సర్' అంటుంది."

"ఇదేంటి? నేను చెప్పిందేంటి, నువ్వు రాసిందేంటి?"

హదస్సా ఆగలేదు. "అతను తియ్యడు. మేఘన మళ్ళీ అంటుంది. అప్పుడు బయటి నుంచి ఒక అమ్మాయి తలుపు తీస్తుంది. వంక ఏమీ చెప్పదు. అక్కడే నిలబడుతుంది. మేఘన లేచి, 'మిగిలిన ఉత్తరం మీరే రాసుకోండి' అని, పెన్సిల్ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోతుంది."

గుమ్మం దగ్గర ఓంప్రకాశ్ కదిలాడు. కళ్ళ నొప్పులని చెప్పి భార్య పెళ్ళికి ముందే మానేసిన ఆ ఉద్యోగం గురించి ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారైనా సరిగ్గా అడగలేదు. అడిగింది మొన్న ఒక్క ప్రశ్న. ఆయన కళ్ళు నెమ్మదిగా ప్రేమమణి మీదకు, ఆమె నుంచి భార్య మీదకు తిరిగాయి.

"లతా," అన్నాడు. "నువ్వు... గిట్లనే అన్నవా?"

కల్పలత ఆయన వైపు తిరగలేదు. ముందుకే చూస్తూ చెప్పింది.

"ఇంకా గట్టిగ అన్న."

ఓంప్రకాశ్ ముసలి ముఖం మీద సిగ్గు, గర్వం రెండూ ఒకేసారి వచ్చాయి.

"చాలు, ఇది టెలికాస్ట్ అవ్వదు," రాహుల్ చెయ్యి చాచాడు. "ఆ కాగితాలిలా ఇవ్వు. రేపటి నుంచి నీ సంగతి కూడా మాట్లాడదాం."

హదస్సా కాగితాలు గుండెకు దగ్గరగా పట్టుకుంది. రాహుల్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఆగు బాబూ," అన్నాడు ఓంప్రకాశ్, ఒంటి చెప్పుతోనే గదిలోకి వస్తూ. "ఇంకో పేజీ ఉన్నట్టున్నది. చదువు బిడ్డా. నేను మొత్తం వినాలె."